మాయమ్మ వేలిముద్ర వెయ్యలేదు

మా మాదిగపల్లెలో ఫిర్యాదు అనే మాట నా చిన్నతనంలో లేదు. మొర పెట్టుకోవడం ఉండేది. కాళ్ళమీద పడటం ఉండేది. పెద్దల్లో పెట్టడం ఉండేది. కూలి డబ్బులు ఎగ్గొట్టినా, చేలో ఆడమనిషి చెయ్యి పట్టుకున్నా, చెరువుకాడ బిందె తన్నేసినా మావాళ్ళు పోయి ఊళ్ళో రావిచెట్టు అరుగు ముందు నిలబడేవాళ్ళు. అరుగు మీద కూచునేది వాళ్ళు. కింద చేతులు కట్టుకుని నిలబడేది మేము. ఎవడిమీద మొర పెట్టుకోవాలో వాడి చిన్నాయనో, వాడి బామ్మర్దో ఆ అరుగు మీదే ఉండేవాడు. ఇంక తీర్పు ఎట్టా ఉంటదో వేరే చెప్పక్కర్లేదు. "సర్దుకుపోండిరా, ఒక ఊళ్ళో బతకాల్సినోళ్ళం" అనేవాళ్ళు. సర్దుకుపోవాల్సింది ఎప్పుడూ మేమే.

నేను చదివిన యూనివర్సిటీలో కూడా ఆ అరుగు ఉంది. కుర్చీలేసుకుని, ఫ్యాను కింద, మినిట్స్ రాసుకుంటా కూచుని ఉంది. ఆ అరుగు గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్ని. ముప్పై అయిదేళ్ళు నిండాయి. మా పల్లెలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లను నేనే. మాయమ్మ పొగాకు బ్యారన్ల కాడ ఆకు కర్రలకు కట్టేది. సీజన్లో గ్రేడింగుకు పోయేది. మిగతా కాలమంతా మిరపకాయ కోతలు, కలుపులు. పొగాకు జిగురు ఎంత రుద్దినా ఆమె చేతుల్ని వదిలేది కాదు. ఆ చేత్తో అన్నం కలిపి పెడితే చేదుగా ఉండేది. చేదమ్మా అంటే "చదువుకో, తియ్యగయ్యిద్ది" అనేది. మా నాయన చెప్పులు కుట్టేవాడు. ప్లాస్టిక్ చెప్పులొచ్చి ఆ పని పోయింది. ఆ తర్వాత ఆయనా కూలికే పోయాడు.

ఆరో తరగతి నుంచీ సాంఘిక సంక్షేమ హాస్టలు. ఆ కత ఈ పుస్తకం చదివే చాలామందికి తెలిసిందే, మళ్ళీ చెప్పను. డిగ్రీ, బీఈడీ అయ్యాక 2011లో ఎమ్మే తెలుగులో చేరాను. ఆ యూనివర్సిటీ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ ఒక్కచోటే అట్టా ఉందనుకుంటారు.

మొదటి రోజు క్లాసులో ఒక సారు అందర్నీ పరిచయం చేసుకోమన్నాడు. నా వంతు వచ్చింది. "ఇంటిపేరేంటమ్మా?" చెప్పాను. "ఏ ఊరు?" చెప్పాను. "ఊళ్ళో ఎక్కడ?" ఈ మూడో ప్రశ్న క్లాసులో ఇంకెవర్నీ అడగలేదు. ఊళ్ళో ఎక్కడ అంటే ఊరా, వాడా అని. కులమేంటి అని అడిగితే తప్పు. ఊళ్ళో ఎక్కడ అని అడిగితే భూగోళం. యూనివర్సిటీలో కులం ఇట్టా మర్యాదగా మాట్లాడుద్ది.

ఆ తర్వాత మార్కులు. నంబరు మాత్రమే ఉండి పేరు లేని పేపర్లు బయట దిద్దేవాళ్ళు. వాటిల్లో నాకు మంచి మార్కులే వచ్చేవి. ఎదురుగా కూచోబెట్టి మొఖం చూసి అడిగే వైవాలోనూ, డిపార్టుమెంటు చేతిలో ఉండే ఇంటర్నల్సులోనూ పడిపోయేవి. నా ఒక్కదానికే కాదు, మా పక్క పిల్లలందరికీ అంతే. ఇది మా కడుపుమంట అని కొట్టిపారేసేవాళ్ళు ఉంటారు. ఢిల్లీలో ఎయిమ్స్ మీద సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన రిపోర్టు చూడండి. దేశంలో అంత పెద్ద డాక్టర్ల కాలేజీలో ఎస్సీ, ఎస్టీ పిల్లలు చెప్పుకున్నది ఇదే. వైవాలో వివక్ష, హాస్టల్లో విడిగా బతకాల్సి రావడం, మాస్టర్లు పట్టించుకోకపోవడం. ఆ రిపోర్టు చదివినరోజు నాకు ఏడుపు రాలేదు. ధైర్యం వచ్చింది. నా మొద్దుతనం వల్ల కాదన్నమాట అని.

అసలు సంగతికి వస్తాను.

2013లో ఎంఫిల్లో చేరాను. పొగాకు పనుల్లో ఆడవాళ్ళు పాడుకునే పాటల మీద పని చెయ్యాలని నా ఆశ. మాయమ్మకు తెలిసిన పాటలే ఒక నోటుబుక్కు నిండాయి. నాకు గైడుగా వచ్చిన సారు పేరున్న మనిషి. సభల్లో అభ్యుదయం మాట్లాడేవాడు. సినాప్సిస్ మీద సంతకం కావాలంటే ఆదివారం రమ్మనేవాడు. ఆదివారం డిపార్టుమెంటులో అటెండరు కూడా ఉండడు. నేను మా సీనియర్ అక్కను వెంటబెట్టుకుని పోతే సంతకం చెయ్యకుండా "రేపు చూద్దాం" అనేవాడు. ఎంఫిల్, పీహెచ్‌డీ పిల్లల బతుకు గైడు పెన్ను మొనమీద ఉండేది. సంతకం లేకపోతే ఫెలోషిప్పు లేదు. ఫెలోషిప్పు లేకపోతే మెస్సు బిల్లు లేదు. మెస్సు బిల్లు లేకపోతే ఇంటికి బస్సెక్కడమే. ఈ సంగతి ఆయనకు బాగా తెలుసు.

2014 జనవరిలో ఒక సాయంత్రం నా పాటల కాగితాలు చేతిలోకి తీసుకుని, నా భుజం మీద చెయ్యి వేశాడు. తీశాను. మళ్ళీ వేసి అన్నాడు: "ఈ పాటలు పాడుకునే మీవాళ్ళల్లో ఇట్టాంటి పట్టింపులు ఉండవుగా."

ఆ మాటను ఇప్పటికి ఎన్నోసార్లు తిరగేసి చూశాను. దాంట్లో ఎంత భాగం నా ఆడతనం మీద, ఎంత భాగం నా కులం మీద? వేరుచెయ్యడం నా వల్ల కాలేదు. నేను మాదిగ ఆడదాన్ని కాబట్టి ఆయన చెయ్యి అంత తేలిగ్గా లేచింది. మా అమ్మమ్మ కాలంలో ఆసామి చెయ్యి చేలో ఎట్టా లేచేదో అట్టా. పంట మీద హక్కు లాంటిదే ఇదీ అనుకున్నాడు. పై కులం ఆడపిల్ల మీద చెయ్యి వెయ్యాలంటే మనసులో అన్నా భయపడతాడు, వాళ్ళ నాయన ఎవరో, వాళ్ళ మామ ఏ ఆఫీసులో ఉన్నాడో అని. నా వెనక పొగాకు బ్యారన్ ఉంది. అంతే.

గదిలోంచి బయటికొచ్చి ఆ రాత్రే రాశాను. మా సీనియర్ అక్క పక్కన కూచుని "ఆయన ఏ మాట అన్నాడో ఆ మాటే రాయి, మర్యాద మాటలు పెట్టబాక" అంది. తారీకు, టైము, గది నంబరు, ఎవరు చూశారు, ఎవరు చూడలేదు, అన్నీ రాశాం. రెండు కాపీలు. ఆడపిల్లల మీద లైంగిక వేధింపుల చట్టం అప్పటికి అమల్లోకి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. 2013 డిసెంబరు 9న వచ్చింది. యూనివర్సిటీలో ఒక కమిటీ ఉందన్నారు. కమిటీ ఎక్కడుందో కనుక్కోవడానికే వారం పట్టింది. బోర్డు లేదు. సభ్యుల పేర్లు ఎక్కడా రాసిలేవు. చివరికి ఒక గుమస్తా కాగితం తీసుకుని, రసీదు అడిగితే ఎగాదిగా చూశాడు. రెండో కాపీ మీద ముద్ర వేసి సంతకం పెట్టేదాకా నేనూ అక్కా అక్కడినుంచి కదల్లేదు.

కమిటీ ముందుకు పిలిచారు. బల్లకు అవతల నలుగురు. వాళ్ళలో మా డిపార్టుమెంటు హెడ్డు ఉన్నాడు. ఎవరిమీద రాశానో ఆయనతో పాతికేళ్ళ స్నేహం. అరుగు మీద చిన్నాయన అన్నమాట. వాళ్ళు అడిగిన ప్రశ్నలు: ఎవరు రాయించారు? ఏ సంఘంలో ఉన్నావు? ఆదివారం రమ్మంటే ఎందుకు పోయావు? అరిచావా? అరవలేదంటే ఎందుకు అరవలేదు? ఆయనను ఒక్క ప్రశ్న అడిగారట, "ఏం జరిగింది సార్?" అని.

నా వాంగ్మూలం టైపు చేసి చదువుకోమని ఇచ్చారు. "అసభ్యముగా ప్రవర్తించినట్లు ఫిర్యాదిదారు తెలిపినది" అని ఉంది. ఆయన అన్న మాట లేదు. 'మీవాళ్ళల్లో' అన్నది లేదు. అడిగితే, కమిటీ పెద్ద, ఆవిడా ఒక ప్రొఫెసరే, మెత్తగా చెప్పింది: "ఇది స్త్రీల సమస్యమ్మా. దీంట్లోకి కులం తేవద్దు. కేసు పలచబడుతుంది. అంతగా అనుకుంటే ఎస్సీ ఎస్టీ సెల్లుంది కదా." సెల్లుకు పోయాను. అక్కడి ఆఫీసరు మావాడే. కాగితం సగం చదివి ఇబ్బందిగా కుర్చీలో కదిలాడు. "ఇది లేడీస్ మ్యాటరు తల్లీ. ఆడోళ్ళ కమిటీలో తేలాల్సింది" అన్నాడు.

ఆడోళ్ళ కమిటీలో నేను ఎస్సీని. ఎస్సీ సెల్లులో నేను ఆడదాన్ని. ఈ రెండు గదుల నడుమ వరండాలో మూడు నెలలు తిరిగాను. నా ఒంటిని ఎక్కడ కోస్తే ఆడది ఒక పక్కకు, మాదిగది ఒక పక్కకు పడుద్దో ఆ పెద్దలకే తెలియాలి.

టైపు చేసిన కాగితం మీద నేను పెన్నుతో ఆ మాట తిరిగి రాశాను. రాసి పక్కన సంతకం పెట్టాను. పెట్టనివ్వమన్నారు. పెట్టనివ్వకపోతే నేను దేనికీ సంతకం పెట్టనన్నాను. గంట వాదన జరిగింది. ఆ ఒక్క వాక్యం ఫైల్లో నా చేతిరాతతోనే ఉంది.

అప్పుడు మాయమ్మను పిలిపించారు. నాకు చెప్పకుండా మా ఊరి సర్పంచికి ఫోను చేయించి పిలిపించారు. మాయమ్మ రాత్రంతా బస్సులో వొచ్చింది. కమిటీ గదిలోకి రమ్మన్నారు. నన్ను 'మీరు' అంటున్న అదే నోరు మాయమ్మను 'నువ్వు' అంది. "చూడమ్మా, నీ కూతురు బాగా చదివే పిల్ల. కోర్టులు, పోలీసులు అంటే రేపు పెళ్ళి కావాలి, ఉద్యోగం రావాలి. ఆయన కూడా పెద్దమనిషి, బాధపడుతున్నాడు. రాజీ అయిపోదాం. ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అని కాగితం, సిరాడబ్బా ముందు పెట్టారు.

మాయమ్మ కుర్చీలో కూచోలేదు. కూచోమన్లేదు కూడా. కొంగు సర్దుకుని అంది:

"అయ్యా, మాయమ్మను చేలో పట్టుకున్నారు. నన్ను బ్యారన్ కాడ పట్టుకోబోయారు. మాకు రాయడం రాదు, ఏడ్చి ఊరుకున్నాం. దీనికి రాయడం వొచ్చు. రాసింది. మీకు చదవడం వొచ్చుగా, చదవండి. నా వేలు మీద సిరా ఓటుకు తప్ప దేనికీ పడదు."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. సిరాడబ్బా మూత పెట్టేశారు.

తర్వాత నేను చట్టం తెచ్చుకుని చదివితే తెలిసింది. రాజీ అనేది బాధపడ్డ ఆడమనిషి తనకు తానుగా అడిగితేనే, అదీ విచారణ మొదలుకాక ముందే చెయ్యాలి. డబ్బుతో రాజీ అసలే పనికిరాదు. పాతికేళ్ళ సర్వీసున్న ప్రొఫెసర్లు చట్టానికి ఎదురుగా చేస్తున్న పనిని, చదువురాని మాయమ్మ చట్టప్రకారం ఆపింది.

మా సొంతవాళ్ళ గురించి కూడా రాయాలి. ఇది రాయకపోతే ఈ వ్యాసం అబద్ధం అయిపోద్ది. మా దళిత విద్యార్థి సంఘం అన్నలు నా వెనక నిలబడ్డారు. పోస్టర్లు రాశారు. ధర్నా చేశారు. ఆ మేలు మర్చిపోను. అదే సంవత్సరం ఇంకో పిల్ల, ఆ పిల్లా మా వాడ పిల్లే, సంఘంలోనే ఉన్న ఒకతని మీద చెబితే అదే అన్నలు "ఇప్పుడా? బయటికి పోతే ఉద్యమానికి మచ్చ. మనలో మనం మాట్లాడుకుందాం" అన్నారు. మనలో మనం అంటే మళ్ళీ అరుగే. ఈ అరుగు మన వాడలో ఉంది, అంతే తేడా. ఆ రోజు మేం నలుగురం ఆడపిల్లలం సంఘం మీటింగులో లేచి అడిగాం: ఆసామి చెయ్యి తప్పయినప్పుడు అన్న చెయ్యి ఎట్టా ఒప్పయ్యిద్ది? జవాబు రాలేదు. ఆ పిల్ల కాగితాన్ని మేమే తీసుకుపోయి కమిటీలో ఇచ్చాం. దళిత ఆడవాళ్ళ మాట ఉద్యమాన్ని చీల్చుద్ది అనేవాళ్ళకు ఒకటే చెబుతాను. ఉద్యమం చీలేది తప్పు వల్ల, తప్పు గురించి మాట్లాడటం వల్ల కాదు.

తొంభై రోజుల్లో విచారణ ముగించాలని చట్టం. నాకు పట్టింది తొమ్మిది నెలలు. చివరకు గైడును మార్చారు. ఆయనకు "ఇకమీదట జాగ్రత్తగా ఉండవలసినది" అని ఒక ఉత్తరం. ఆయన అదే గదిలో, అదే కుర్చీలో ఇంకొన్నేళ్ళు కూచుని, శాలువాలు కప్పించుకుని రిటైరయ్యాడు. నేను 2015లో ఎంఫిల్ ముగించాను. పీహెచ్‌డీకి నన్ను తీసుకోవడానికి డిపార్టుమెంటులో ఎవరూ ముందుకు రాలేదు. "ఆ కంప్లయింటు పిల్లా" అనేది నా ఇంటిపేరయింది. డీఎస్సీ రాసి 2016లో టీచరునయ్యాను. మాయమ్మ పాటల నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అయితే ఒక సంగతి జరిగింది. రెండేళ్ళ తర్వాత ఆ యూనివర్సిటీలోనే ఇంకో పిల్ల ఫిర్యాదు చేసింది. "ఇంతకుముందు మా దగ్గర ఇట్టాంటిది ఎన్నడూ లేదు" అని వాళ్ళు అనబోతే, ఆ పిల్ల నా ఫైలు నంబరు, తారీకు చెప్పిందట. నాకు ఫోను చేసి అడిగి తీసుకుంది. కాగితం చేసే పని అది. ఒకరిని గెలిపించకపోయినా తర్వాత వచ్చేవాళ్ళను మొదటి మనిషి కాకుండా చేస్తది.

ఈ చట్టం ఎవరి రక్తంలోంచి వచ్చిందో కూడా మనం తెలుసుకోవాలి. రాజస్థాన్‌లో భటేరీ అనే ఊళ్ళో భన్వరీదేవి ఉంది. కుమ్మరి కులం మనిషి. ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో సాథిన్‌గా పని చేస్తా బాల్యవివాహాలు ఆపమని చెప్పింది. 1992లో పై కులాలవాళ్ళు ఆమె మీద సామూహికంగా అత్యాచారం చేశారని కేసు. 1995లో కింది కోర్టు వాళ్ళను అత్యాచారం నేరం నుంచి వదిలేసింది. పై కులంవాళ్ళు కింది కులం ఆడదాన్ని ముట్టుకుంటారా అన్నట్టు ఆ తీర్పు నడిచింది. చేలల్లో, బ్యారన్ల కాడ మా అమ్మమ్మలు ఆ ముట్టుకోవడం గురించి ఏం చెబుతారో ఆ కోర్టు అడగలేదు. ఆ కోపంతో మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు పోతే 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు వచ్చింది. పని చేసే ప్రతిచోటా కమిటీ ఉండాలంది. ఆ తీర్పే 2013లో చట్టమయింది. వెనకబడిన కులం ఆడమనిషి గాయంలోంచి పుట్టిన చట్టంలో, లైంగిక వేధింపు అంటే ఏంటో చెప్పే చోట కులం అనే మాటకు చోటు లేకపోయింది. నా టైపు కాగితంలో ఆయన మాట ఎగిరిపోయినట్టే.

రెండో గది కత కూడా అంతే. ఉన్నత విద్యాసంస్థల్లో వివక్ష మీద యూజీసీ 2012లో నిబంధనలు తెచ్చింది. ప్రతి సంస్థలో సమాన అవకాశాల సెల్లు, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని, ఫిర్యాదును 60 రోజుల్లో తేల్చాలని రాసింది. కాగితం మీద బాగుంది. నేను చదివే రోజుల్లో ఆ అధికారి ఎవరో మాకెవరికీ తెలియదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పిల్లలు అయిదుగుర్ని హాస్టల్ నుంచి వెలివేస్తే వాళ్ళు ఆరుబయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న వాళ్ళలో ఒకడు, రోహిత్ వేముల, మనకు లేకుండా పోయాడు. నేను ఉద్యోగం ఆర్డరు కోసం చూస్తున్న రోజులవి. టీవీ ముందు మాయమ్మ, రాధికమ్మ మొఖాన్నే చూస్తా కూచుంది. 2019 మే నెలలో ముంబైలో డాక్టరు పాయల్ తాడ్వి పోయింది. ఆదివాసీ పిల్ల. అదే ఏడు రాధికమ్మ, పాయల్ వాళ్ళమ్మ అబేదా తాడ్వి కలిసి సుప్రీంకోర్టుకు పోయారు, ఉన్న నిబంధనల్నన్నా అమలు చేయించండి అని. ఇద్దరు తల్లులు బిడ్డల్ని పోగొట్టుకుని దేశంలో మిగతా బిడ్డల కోసం కోర్టు మెట్లెక్కారు. ఆ కేసు నడవగా నడవగా యూజీసీ 2026 జనవరి 13న కొత్త నిబంధనలు తెచ్చింది. దేశంలో గొడవ లేచింది. జనవరి 29న సుప్రీంకోర్టు వాటిని ఆపి, ఈలోపు 2012వే నడుస్తాయంది. తల్లులు ఆరేళ్ళకు పైగా ఎదురు చూస్తే, వచ్చింది పదహారు రోజులు నిలిచింది.

అట్టని చేతులు ముడుచుకుని కూచోవాల్సిన పని లేదు. నేను వరండాలో తిరిగిన రోజులకూ ఇప్పటికీ కొన్ని ఆయుధాలు పెరిగినయ్. వాటిని మన పిల్లల చేతిలో పెట్టడం మన పని. నేను మా స్కూల్లో పదో తరగతి పిల్లలకు లేఖారచన పాఠం చెప్పేటప్పుడు సెలవుచీటీ ఒక్కటే నేర్పను. ఫిర్యాదు రాయడం నేర్పుతాను. ఇంటరుకు, డిగ్రీకి పోయిన పాత పిల్లలు పండక్కి వస్తే కూచోబెట్టి ఇంకొంచెం చెబుతాను. మీకూ అదే చెబుతున్నాను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, చేరినరోజే కమిటీ ఎక్కడుందో, సభ్యులెవరో కనుక్కోండి. ఆపద వచ్చాక వెతుక్కోబాకండి. బోర్డు లేకపోతే బోర్డు పెట్టమని అర్జీ ఇవ్వండి, అదే మీ మొదటి ఫిర్యాదు. 2016 మేలో యూజీసీ అచ్చువేసిన నిబంధనల ప్రకారం వీసీ, రిజిస్ట్రారు, డీన్లు, డిపార్టుమెంటు హెడ్లు ఆ కమిటీలో కూచోకూడదు. విద్యార్థుల సంగతయితే, ఎన్నికయిన విద్యార్థులు ముగ్గురు అందులో ఉండాలి. బయటి సంస్థ నుంచి ఒక సభ్యురాలో సభ్యుడో ఉండాలి. అరుగు మీద చిన్నాయన కనపడితే లేచి అడగండి, నువ్వెట్టా కూచున్నావని.

జరిగినరోజు నుంచి మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలి. కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచొచ్చు. రాయడం రానివాళ్ళకు రాసిపెట్టాల్సిన బాధ్యత కమిటీదే. విచారణ నడిచేటప్పుడు మీ గైడును మార్చమని, అతను మీ పేపర్లు దిద్దకుండా ఆపమని అడగొచ్చు. ఇది దయ కాదు, నిబంధన. మగపిల్లలకు జరిగినా, హిజ్రాలకు జరిగినా పట్టించుకోవాలని ఆ నిబంధనలే చెబుతున్నయ్.

అన్నమాట అన్నట్టే రాయండి. బూతయితే బూతే రాయండి. కులం పేరు తీసుకుంటే ఆ పేరే రాయండి. మీరు సిగ్గుపడాల్సిన పని లేదు, ఆ మాట మీది కాదు. ఒక్కరే పోబాకండి. ముద్ర పడిన కాపీ లేకుండా తిరిగి రాబాకండి. ఆ కాపీ ఫోటో తీసి ఇంకొకరి దగ్గర దాచండి. కులమూ ఆడతనమూ రెండూ ఉన్నచోట రెండు గదుల్లోనూ ఒకే కాగితం ఇవ్వండి. అవతలి గదికి పొమ్మంటే ఆ మాట రాసి ఇవ్వమనండి. నోటితో పొమ్మన్నవాళ్ళు రాయమంటే రాయరు.

ఈ రెండు గదులు దాటి మూడో గది ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 1989 నాటిది. 2015లో సవరించి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చారు. ఎస్సీ, ఎస్టీ ఆడమనిషి అని తెలిసి, ఆమె ఒప్పుకోకుండా ఆ ఉద్దేశంతో తాకినా, అట్టాంటి మాటలన్నా, సైగలు చేసినా ఇప్పుడది ఆ చట్టం కింద నేరం. నన్ను ఎక్కడ కొయ్యాలా అని చూసిన ఆ రెండు గదుల పెద్దలకు జవాబు ఆ సెక్షన్లో ఉంది. అందులో మనిషిని రెండు ముక్కలు చెయ్యలేదు. డీఎస్పీ స్థాయి అధికారే విచారించాలి. కేసు కట్టడానికి ముందు ప్రాథమిక విచారణ కావాలని పోలీసులు అడగడానికి లేదని 2018 సవరణ చెప్పుద్ది. 14566 నంబరుకు ఫోను చెయ్యొచ్చు. కమిటీకి ఇచ్చాం కదా అని పోలీసు దగ్గరికి పోకూడదనేం లేదు.

ఇక కమిటీల్లో కూచునే పెద్దలకు ఒక మాట. మీ దగ్గరికి వచ్చే పిల్ల ఒక్కతే రాదు. ఆమె వెనక ఏడ్చి ఊరుకున్న మూడు తరాలు వస్తయ్. ఎందుకు అరవలేదని ఆమెను అడగబాకండి. అరిస్తే ఎవరు వచ్చేవాళ్ళో మీరే ఆలోచించండి. ఫిర్యాదులు లేకపోవడం మీ సంస్థ గొప్పతనం అని రిపోర్టుల్లో రాసుకోబాకండి. మా పల్లెలో ముప్పై ఏళ్ళపాటు ఒక్క కేసూ లేదు. అంత భయం ఉండేది.

ఈ ఏడు నా దగ్గర చదివిన ఒక పిల్ల పీజీలో చేరింది. మిరపకాయ కోతలకు పోయే ఇంట్లోంచే. పోయిన నెలలో ఫోను చేసింది. "మేడం, కమిటీ బోర్డు లేదు ఇక్కడ. మేం పదకొండు మందిమి సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. రెండో కాపీ మీద ముద్ర వేయించుకున్నాం" అంది. నా తరం పోయి నిలబడింది జరిగాక. ఈ పిల్లలు జరగకముందే పోయి నిలబడ్డారు, అదీ పదకొండు మంది. బోర్డు పెట్టారా అని అడిగాను. "ఇంకా లేదు మేడం. సోమవారం మళ్ళీ పోతున్నాం" అంది.